మా హాల్లో అస్సెన్ రేసు

క్రికెట్ చూడ్డానికి రమ్మంటే ఎవరూ కారణం అడగరు. బైక్ రేసు చూద్దాం రండి అంటే మాత్రం ఫోన్లోనే ఇంటర్వ్యూ మొదలవుతుంది. "మనోళ్లు ఎవురన్నా ఉండారా? ఎవురు గెలుస్తారు? ఎంతసేపు?" మనోళ్లు లేరు. ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే చూడ్డమే దండగ. మూడోదానికి మాత్రం నా జవాబు సిద్ధం: నలభై నిమిషాలు. మధ్యలో బ్రేకు లేదు, లంచ్ లేదు. వాన పడినా సాధారణంగా ఆపరు, వాన టైర్లు వేసిన రెండో బండి ఎక్కి పోతూనే ఉంటారు. "నలభై నిమిషాలేనా, అయితే వస్తాంలే" అని ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ.

నేను మోటోజీపీ, అంటే ప్రపంచస్థాయి బైక్ రేసులు, చూడ్డం మొదలుపెట్టింది కాలేజీలో, ఇటలీ రేసరు వాలెంటినో రోస్సీ పసుపురంగు 46 నంబరు కోసం. ఆయన 2021 చివర్లో బైక్ రేసులు మానేశాడు, నాకు అలవాటు మాత్రం పోలేదు. ఇంట్లో ఒక్కదాన్నే చూసేదాన్ని. మా ఆయన పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటూ, ఎవరైనా కింద పడితే మాత్రం తలెత్తేవాడు. రేసు ఒంటరిగా చూడ్డంలో ఒక కష్టముంది. చివరి ల్యాపులో, అంటే ట్రాకు చుట్టూ చివరి చుట్టులో, ఇద్దరు ఒకే మలుపులోకి దూరితే, అరవడానికి పక్కన మనిషి ఉండాలి. అందుకే 2025 జూన్‌లో పదిమందిని పిలిచి, తిరుపతి ఎం.ఆర్.పల్లిలోని మా ఇంట్లో రేసు పెట్టుకున్నాం.

ఏ రేసుకి పిలవాలన్నదే మొదటి లెక్క. అమెరికాలో ఆస్టిన్ రేసు మనకు అర్ధరాత్రి దాటాక వస్తుంది. ఆస్ట్రేలియాది పొద్దున్నే, పాలప్యాకెట్లు విప్పే టైముకి. యూరప్‌లో ఎండాకాలం జరిగే రేసులు చాలావరకు అక్కడ మధ్యాహ్నం రెండుకి, మనకు సాయంత్రం ఐదున్నరకి. కొత్తవాళ్లని పిలవడానికి ఇంతకంటే మంచి వేళ లేదు. 2023 నుంచి శనివారం కూడా సగం దూరం స్ప్రింట్ రేసు పెడుతున్నారు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. కానీ శనివారం తిరుపతిలో చుట్టాలని పిలిచి నాటుకోడి పులుసు పెడతారా ఎవరైనా? ఆదివారమే ఖాయమైంది. జూన్ 29, నెదర్లాండ్స్‌లోని అస్సెన్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైన 1949 నుంచి ఆ రేసు జరుగుతూనే ఉంది, కరోనా వచ్చిన 2020 ఒక్కటే తప్పిపోయింది.

ఇక టీవీ సంగతి. మా ఇన్వర్టర్‌కి హాల్లో ఫ్యానూ లైటూ మాత్రమే కలిపి ఉన్నాయి, టీవీ ప్లగ్గు లేదు. జూన్ సాయంత్రాల్లో గాలి లేస్తే కరెంటు ఎట్లా పోతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే గంటలో లైను మార్చేశాడు. వెళ్తూ వెళ్తూ, "టీవీ వస్తాది గానీ మేడమ్, వైఫై డబ్బా ఒక్క రెప్పపాటు ఆగినా మళ్లీ మొదటి నుంచి వెలగాల కదా" అన్నాడు. నాకు తట్టని మాట అది. ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో టీవీ తట్టుకున్నా రూటర్ ఆగిపోవచ్చు, మళ్లీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రేసులో రెండు మూడు నిమిషాలంటే ఒక ల్యాపు పైనే. తిలక్ రోడ్డులో రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ దొరికింది. ఇంట్లో రేసు పెట్టుకునేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే: సోఫాలు తరవాత చూసుకోండి, ముందు అది కొనండి.

కరెంటు గండం దాటిందనుకుంటే ఓటీపీ గండం వచ్చింది. రేసు చూపించే యాప్‌కి డబ్బు కట్టింది బెంగళూరులో ఉన్న మా తమ్ముడు. ఐదుంబావుకి, హాలు నిండాక, టీవీలో లాగిన్ దానంతటదే పోయింది. ఓటీపీ వెళ్లేది వాడి నంబరుకి. వాడు సినిమా హాల్లో ఉన్నాడు, ఫోన్ సైలెంట్. నాకు టెన్షన్‌తో చెమటలు పడుతుంటే, మామయ్య తాపీగా "దూరదర్శన్‌లో రాదా?" అన్నాడు. చివరికి మరదలి ఫోన్‌కి చేస్తే ఆమె పక్కసీట్లోంచి వాణ్ణి పొడిచి, వాడి ఫోన్ లాక్కుని ఆరంకెలూ చదివింది. బండ్లు గ్రిడ్ మీదకి, అంటే బయల్దేరే గీతల దగ్గరికి, వచ్చి నిలబడుతుండగా బొమ్మ వచ్చింది.

తినేదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రేసుకీ క్రికెట్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది. ఉడకబెట్టిన శెనక్కాయలు మనకు టైంపాస్‌కి మొదటి ఎంపిక. కానీ వాటికి రెండు చేతులూ కావాలి, కళ్లూ కావాలి. ఒక కాయ ఒలిచేలోపు మూడు స్థానాలు తారుమారైపోతాయి. అందుకని శెనక్కాయలు ఐదున్నరలోపే. రేసు టైములో ఒంటిచేత్తో, కిందకి చూడకుండా తినేవే పెట్టాలి. మసాలా బొరుగులు పొట్లాల్లో కట్టి ఇచ్చాను, గిన్నెలో పెడితే అందరి చేతులూ అక్కడే తగులుకుంటాయి. అలసంద వడలు మా ఆయన ముందే వేసి పెట్టాడు. టీ రేసు అయ్యాకే. ఈ రూలు మీద అమ్మకి చాలా కోపం వచ్చింది, ఇంటికొచ్చినవాళ్లకి టీ ఇవ్వకుండా కూర్చోబెట్టడమేందని.

బంగారుపాళ్యం దగ్గర తోటలున్న నా క్లాస్‌మేట్ ఒక గోనెసంచి తోతాపురి మామిడికాయలు తెచ్చాడు. ఆ ఏడాది కాయ విపరీతంగా కాసింది, ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి రోజుల తరబడి నిలబడ్డాయి. ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలుపుతామని ప్రకటించినా, ముందు ఫ్యాక్టరీ లోపలికి బండి పోవాలి కదా. అతని ట్రాక్టరూ అప్పుడు ఆ వరసలోనే ఉంది. "అమ్ముకోడానికి లేదు, కోసుకోని తినండి" అని నవ్వుతూనే అన్నాడు. పచ్చికాయ ముక్కలకి ఉప్పూకారం అద్ది పెడితే, ప్లేటు ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ గమనించలేదు.

కొత్తవాళ్లకి రేసు నచ్చాలంటే నియమాలు చెప్పి లాభం లేదు, ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని ఇవ్వాలి. ఇరవై రెండు బండ్లలో ఎవరిది ఏదో తెలియకపోతే అది రంగుల ఊరేగింపే. అందుకే ముందుగానే అట్టముక్కల మీద నంబరూ రంగూ రాసి పంచాను. ఎవరి మనిషి అందరికంటే ముందొస్తే వాళ్లకి ఒక బుట్ట నీలం రకం మామిడిపళ్లు.

మామయ్య వయసులో ఉన్నప్పుడు యమహా ఆర్‌ఎక్స్ 100 మీద చంద్రగిరి రోడ్డంతా తిరిగినవాడు. యమహా పేరు వినగానే, ఆ బండి మీద పోల్ పొజిషన్‌లో, అంటే అందరికంటే ముందు వరస మొదటి చోట, ఉన్న 20 నంబరు క్వార్తరారోని పట్టుకున్నాడు. అక్క కొడుకు 93 మార్క్ మార్కెజ్ నాదే అని ముందే రిజర్వ్ చేసుకున్నాడు. మా క్లాస్‌మేట్‌కి ఎవరూ తెలీదు. 63 బన్యాయా 2016లో ఇదే అస్సెన్‌లో, చిన్న తరగతి మోటో3లో, మహీంద్రా బండి మీద గెలిచాడనీ, ఆ కంపెనీకి గ్రాండ్‌ప్రీల్లో అదే మొదటి గెలుపనీ చెప్పాను. "మహీంద్రానా? మన ట్రాక్టరోళ్లా?" అని అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాడు. పక్కింటి వదిన 72 బెజెక్కీ ఉంగరాల జుట్టు చూసి అతన్ని ఎంచుకుంది. 2023లో మన దేశంలో, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన రేసు గెలిచింది ఇతనే అని చెప్పగానే, "చూసినారా, మనోడే" అంది. అమ్మ మాత్రం వేరే దారి పట్టింది. మార్క్ తమ్ముడు అలెక్స్, 73 నంబరు, ఇదే రేసులో ఉన్నాడని తెలిసి, "అన్నదమ్ములిద్దురూ ఒకేసారా? ఆ తల్లి ఎట్లా చూస్తాందో" అని చిన్నవాడి అట్టముక్క తీసుకుంది.

ఫోన్లు మాత్రం అందరివీ తీసుకుని చాటలో వేశాను. ఇది మర్యాదకి సంబంధించింది కాదు. యాప్‌లో వచ్చే బొమ్మ అసలు రేసుకంటే కాస్త వెనక నడుస్తుంది. ఎవరో ఒకరు ఫోన్లో టైమింగ్ చూస్తే, టీవీలో పడకముందే "పడ్డాడు!" అని అరుస్తారు. మా క్లాస్‌మేట్ ఫోన్ ఒక్కటే వదిలేశాను, ఫ్యాక్టరీ దగ్గర్నుంచి డ్రైవర్ ఎప్పుడు చేస్తాడో తెలీదని.

లైట్లు ఆరి బండ్లు కదలగానే హాల్లో మాటలు ఆగిపోయాయి. రెండో ల్యాపుకే ప్రశ్నలు మొదలు. బ్రేకేసేటప్పుడు కాలెందుకు బయటకి చాపుతాడు? రోస్సీ మొదలుపెట్టాడు, అందరికీ అలవాటైంది. అంత వాలితే పడడా? అరవై డిగ్రీలు దాటి వాలుతారు, మోచేయి నేలకి రాసుకుంటుంది, టైరు పట్టు వదిలేదాకా పడరు. తరవాత మామయ్య అడగాల్సింది అడిగాడు: "మైలేజీ ఎంతమ్మా?" నిజంగానే లెక్క వేశాను. ట్యాంకులో పెట్రోలు 22 లీటర్లకి మించకూడదు. అస్సెన్‌లో ల్యాపు నాలుగున్నర కిలోమీటర్లు, 26 ల్యాపులు, సుమారు 118 కిలోమీటర్లు. లీటరుకి ఐదారు. మామయ్య కాసేపు మాట్లాడలేదు, "లారీ నయం" అన్నాడు.

తిరుమల ఘాట్ రోడ్డు మాట రాకుండా తిరుపతిలో బైకుల కబురు ముగియదు. అక్కడ తొందరగా దిగితే ఫైను. కనీసం ఇంత సమయం పట్టాలని నియమం పెట్టిన రోడ్డు మీద బండి నేర్చుకున్నవాళ్లం, వేగంగా రావడం గొప్ప అని చెప్పే ఆట చూస్తున్నాం. అక్క కొడుకుని కొండకి బండి మీద పంపేటప్పుడు ఆ సాయంత్రం గురించి అక్కకి గుర్తు చెయ్యకూడదని నిర్ణయించుకున్నాను.

మొదట్లో బన్యాయా ముందున్నాడు. మా క్లాస్‌మేట్ కుర్చీ అంచుకి వచ్చేశాడు. శుక్రవారం ప్రాక్టీసులో రెండుసార్లు గట్టిగా పడ్డ మార్కెజ్ రెండో వరసలోంచి మొదలై, కొన్ని ల్యాపుల్లోనే బన్యాయాని దాటేశాడు. క్వార్తరారో ముందు గుంపులో నిలవలేకపోయాడు. మామయ్య అట్టముక్కతో విసురుకుంటూ, "ఆర్‌ఎక్స్‌కి ఉన్న పికప్ దీనికి లేదు" అని తీర్పు చెప్పేశాడు.

అంతలోనే లేతనీలం 73, నారింజరంగు 37 ఒకదానికొకటి తగిలాయి. అలెక్స్ పడ్డాడు. అమ్మ చేతిలోని బొరుగుల పొట్లం ఒళ్లో పెట్టుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను లేచి, ఎడమచెయ్యి పట్టుకుని గోడవైపు నడిచేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. అతని చేతి ఎముక విరిగిందని, ఆపరేషన్ జరిగిందని రాత్రికి వార్త వచ్చింది. అప్పటికి మాత్రం "నడుస్తాండాడు, ఏం కాలేదు" అని నేను చెప్పాను. రేసు చూపించేవాళ్లకి ఇదొక బాధ్యత, పడిన ప్రతిసారీ ముందు పెద్దవాళ్ల ముఖం చూడాలి. నిజానికి ఆ చర్మపు సూట్ల లోపల గాలిబుడగలు ఉంటాయి, పడీపడగానే ఉబ్బుతాయి. 2018 నుంచి అవి తప్పనిసరి. ఆ సంగతి చెప్పాక అమ్మ మళ్లీ బొరుగులు తీసుకుంది.

తరవాత రేసంతా మార్కెజ్, బెజెక్కీ. బెజెక్కీ రెండోవాడై వెనకే అంటుకున్నాడు. దాటడు, వదలడు. ఇదే కొత్తవాళ్లకి విసుగొచ్చే ఘట్టమని భయపడ్డాను, కానీ నంబర్లు పంచుకున్నాక అది ఇద్దరు ఇటలీ, స్పెయిన్ వాళ్ల పోటీ కాదు, వదినకీ అక్క కొడుక్కీ మధ్య పోటీ. "పోనీ, పోనీ, లోపల్నించి పోనీ" అని వదిన, "ఆంటీ, అక్కడ సందు లేదు" అని వాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఒక్కసారి నెమ్మదించి మళ్లీ అందుకుంది. టీవీ ఆగలేదు, నెట్ ఆగలేదు. ఎవరూ గమనించలేదు కూడా, మా ఆయన ఒక్కడే నావైపు చూసి తలూపాడు.

చివరి ల్యాపుదాకా బెజెక్కీ వదల్లేదు, సెకను తేడా కూడా లేకుండా మార్కెజ్ గెలిచాడు. మూడోవాడు బన్యాయా. అగ్రశ్రేణిలో మార్కెజ్‌కి అది 68వ గెలుపు, పాతతరం ఇటలీ రేసరు ఆగొస్టిని లెక్కతో సమం. పళ్లబుట్ట అక్క కొడుక్కి పోయింది. వాడు దాన్ని తీసుకెళ్లి వదిన ముందే పెట్టి తినడం మొదలుపెట్టాడు. అమ్మ దీపం పెట్టడానికి లేచింది, టీ వచ్చింది, మా క్లాస్‌మేట్ ఫోన్ కూడా అప్పుడే మోగింది: ట్రాక్టర్ గేటు దాటింది. సంగటీ పులుసూ తినకుండానే పోతానన్నాడు, మా ఆయన క్యారియర్ కట్టి ఇచ్చాడు.

సెప్టెంబరు 28న జపాన్ మోటెగి రేసుకి మా క్లాస్‌మేట్ వాళ్ల తోటింట్లోనే కూర్చున్నాం, పదిన్నరకి, ఇడ్లీలు తింటూ. ఈసారి అతని 63 మొదటి నుంచి ముందుంది. చివరి ల్యాపుల్లో ఆ బండి వెనక నుంచి పొగ రావడం మొదలైంది. అతను లేచి టీవీ దగ్గరికి పోయి ముక్కు ఆనించినంత పనిచేసి, "ఆయిలు పోతాంది, ఇంజను ఆపెయ్ రా సామీ" అని బన్యాయాకి చెప్తున్నాడు. బన్యాయా ఆపలేదు, గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన మార్కెజ్‌కి ఆ రోజే ఏడో మోటోజీపీ టైటిల్ ఖాయమైంది, కాబట్టి అక్క కొడుకు కూడా గెలిచినట్టే గంతులేశాడు. పందెం బుట్ట ఇద్దరూ అడిగారు. మామిడికాయల కాలం అయిపోయిందని సీతాఫలాలు పంచి ఇచ్చాం.