పంతొమ్మిది కారమ్ కాయిన్లు, ఒక అగ్గిపెట్టె, హైదరాబాద్ ఆల్‌టైమ్ టీమ్

ఏప్రిల్ మొదటి వారం

బల్ల మీద వేళ్లతో కొట్టి ఆడే గుండీల ఫుట్‌బాల్ సెట్ ఒకటి సొంతంగా చేసుకోవాలని చాన్నాళ్లుగా ఉంది. ఎలాగూ చేస్తున్నాం కదా, కాయిన్ల మీద ఉత్త నంబర్లు ఎందుకు, మన పాత హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాళ్ల పేర్లు వేద్దాం అనుకున్నా. తలనొప్పి అక్కడ మొదలైంది.

ఈ టీమ్ గురించి విననివాళ్లకు రెండు ముక్కలు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. 1950లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది, మళ్లీ 1954లో, 1957లో, ఆ తర్వాత ఆంధ్రా పోలీస్ అని పేరు మారాక 1961లో. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్, మొదట్లో బడిపంతులు. ఇండియా టీమ్‌కీ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా గెలిచి ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు.

అలాంటి టీమ్‌కి పదకొండు మందిని ఏరడం ఎంతసేపులే, ఒక ఆదివారం పని అనుకున్నా. ఇప్పుడు జులై.

ఏప్రిల్ చివర: బల్ల

బల్ల సంగతి ముందు చెబుతా, ఎవరైనా చేసుకోవాలనుకుంటే నా తప్పులు చేయకుండా ఉంటారు. అసలు గ్రౌండ్ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. నా దగ్గరున్న 12 ఎంఎం ప్లైవుడ్ ముక్క నాలుగడుగులు, అంటే 122 సెంటీమీటర్లు. ఆ లెక్కన వెడల్పు 79 సెంటీమీటర్లు రావాలి, కోయించేశా. గోల్ వెడల్పు 7.32 మీటర్లు కాబట్టి అదే లెక్కలో ఎనిమిదిన్నర సెంటీమీటర్లు.

మొదట పైన పచ్చటి ఫెల్ట్ గుడ్డ అంటించా. చూడటానికి బ్రహ్మాండం, కాయిన్ మాత్రం కదలదు, గట్టిగా కొడితే అరచేయంత దూరం పోయి ఆగిపోతుంది. పీకేసి ఎనామిల్ పెయింట్ వేశా. రెండు కోటింగులు, మూడు రోజులు ఆరబెట్టినా వేలికి జిగట తగులుతూనే ఉంది. చివరికి వడ్రంగి దగ్గర మిగిలిన సన్‌మైకా ముక్క, ముదురు ఆకుపచ్చ, అడిగి తెచ్చుకుని ఫెవికాల్‌తో అంటించి పైన ఒక రాత్రంతా బియ్యం బస్తా పెట్టా. అంతే, కారమ్ పౌడర్ చిటికెడు చల్లితే కాయిన్ ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోతోంది. గీతలు తెల్ల పెయింట్ మార్కర్‌తో గీశా, మధ్య వృత్తానికి స్టీల్ గిన్నె బోర్లించా. చుట్టూ అర అంగుళం ఎత్తున చెక్క బద్దీలు కొట్టకపోతే కాయిన్లన్నీ సోఫా కిందే ఉంటాయి.

ఆటగాళ్లు కారమ్ కాయిన్లే. సెట్‌లో పంతొమ్మిది వస్తాయి, తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక రెడ్. రెండు టీమ్‌లకు గోల్‌కీపర్లు పోను ఇరవై కావాలి. మనవాళ్లకి తొమ్మిది తెల్లవి, ఒక రెడ్ సరిపోయాయి, అవతలి టీమ్‌కి ఒకటి తక్కువైంది, అక్కడ పాత కోటు గుండీ పెట్టా. బంతి చొక్కా గుండీ. గుండ్రటి పూస ఒకటి ప్రయత్నించా కానీ అది ఎటు పోతుందో దానికే తెలీదు.

మే: అసలు గొడవ

నా మొదటి రూలు సింపుల్. సిటీ పోలీస్ జెర్సీ వేసుకున్నవాళ్లే. పెద్దనాన్నకు ఈ రూలు తెగ నచ్చింది. ఆయన అరవైల్లో ఫతే మైదాన్‌లో గోడ మీద కూర్చుని ఆంధ్రా పోలీస్ మ్యాచ్‌లు చూసిన మనిషి, అది లాల్‌బహదూర్ స్టేడియం అయిన సంగతిని ఇప్పటికీ లెక్కలోకి తీసుకోడు.

జెర్సీ రూలుతో కొన్ని పేర్లు గొడవ లేకుండా వచ్చేశాయి. బ్యాక్‌లో అజీజుద్దీన్, హాఫ్ బ్యాక్‌గా, అంటే మధ్య వరసలో, నూర్ మహమ్మద్. ఇద్దరూ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ రెండు ఒలింపిక్స్‌కీ వెళ్లినవాళ్లు. నూర్ పక్కన యూసఫ్ ఖాన్, రోమ్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు, జకార్తా స్వర్ణం టీమ్‌లో ఉన్నాడు, 1966లో అర్జున అవార్డు. వెనకా ఆడగలడు, ముందూ ఆడగలడు, ఇలాంటివాడు ఏ టీమ్‌కైనా వరం. హెల్సింకికి వెళ్లిన మొయినుద్దీన్‌ను కుడి చివర పెట్టా. మెల్‌బోర్న్ వెళ్లే నాటికి ఇరవై ఏళ్ల కుర్రాడు జుల్ఫికరుద్దీన్ కూడా లిస్టులోకి ఎక్కాడు.

ఎడమ చివర బలరాం. దీని మీద ఎవరూ నోరెత్తలేదు. మాది సైనిక్‌పురి వైపు, రోజూ అమ్ముగూడ మీదుగానే ఆఫీసుకు వెళతా, తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే. ట్రయల్స్‌కి రావడానికి దారి ఖర్చుల్లేవంటే రహీం సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారని చెప్పుకుంటారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీదా కొట్టాడు. రెడ్ కాయిన్ ఆయనకే ఇచ్చా.

మరి గోల్‌కీపర్? పీటర్ తంగరాజ్ మన హైదరాబాద్‌లోనే పుట్టాడు, సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్‌కి, ఫ్రెండ్స్ యూనియన్‌కి ఆడాడు, కానీ పోలీసులోకి కాదు, మిలిటరీలోకి పోయాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్. రెండు ఒలింపిక్స్, జకార్తా స్వర్ణం, అర్జున. ఆరడుగులు దాటిన మనిషి. ఈయన్ని రూలు పేరుతో బయట కూర్చోబెట్టి ఇంకెవర్నో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అలాగే ఇక్కడ ఆట నేర్చుకుని కలకత్తాలో పేరు తెచ్చుకున్న హబీబ్ లేకుండా హైదరాబాద్ టీమ్ ఏంటి? షబ్బీర్ అలీ లేకుండా?

రూలు మార్చేశా. సిటీ పోలీస్ కాదు, హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్నవాళ్లు ఎవరైనా సరే.

పెద్దనాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "ఏందిరా, కలకత్తా పోయి పైసలు సంపాదించుకున్నోళ్లను కూడా మన టీమ్‌ల పెడ్తవా? ఇక్కడ యూనిఫామ్ ఏస్కొని డ్యూటీ చేసుకుంట ఆడినోళ్లు పిచ్చోళ్లా?" అన్నాడు. బలరాం కూడా కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు కదా పెద్దనాన్నా అంటే, "ఆడు పోలీస్‌కి ఆడి పోయిండు, అది ఏరే" అన్నాడు. లాజిక్ అడగొద్దు.

ఇటు ఆఫీసులో బెంగాలీ మిత్రుడిది ఇంకో గోల. లిస్టు చూపిస్తే నవ్వి, "హబీబ్ మా బడే మియా, నయీం మావాడు, బలరాం చివరిదాకా కలకత్తా పక్క ఉత్తరపారాలోనే ఉన్నాడు, మీరు కని మాకిచ్చేశారు, ఇప్పుడు అడిగితే ఎట్లా?" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయింది కూడా కలకత్తాలోనే మరి, నేను మాట్లాడలేకపోయా. కానీ అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ కన్నుమూసింది హైదరాబాద్‌లో. స్కోరు 1-1 అన్నా, ఒప్పుకోలేదు.

ఒక సంగతి మాత్రం నాకు అర్థమైంది. పోలీసు టీమ్ అంటే ఉద్యోగం, నెల జీతం, పెన్షన్. కలకత్తా అంటే నిండిన గ్యాలరీలు, పేపర్లో ఫొటో. 1966లో హబీబ్, నయీం కుర్రాళ్లుగా ఉండగానే ఈస్ట్ బెంగాల్ పట్టుకుపోయింది, అదీ ఆంధ్రప్రదేశ్ 1965-66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన వెంటనే. ఆ తర్వాత మన రాష్ట్రానికి మళ్లీ ఆ ట్రోఫీ రాలేదు. పెద్దనాన్న కోపం వెనక ఉన్నది ఇదే, ఆయన అలా చెప్పడు అంతే. అయినా సరే వాళ్లను టీమ్‌లోంచి తీసేస్తే పోయినవాళ్లను రెండోసారి పోగొట్టుకున్నట్టే కదా, నా రూలు ఇలాగే ఉంటుంది.

జూన్: ఫార్మేషన్, పేర్లు

4-4-2, అంటే వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు, పెట్టమన్నాడు మా అబ్బాయి. ఈ మనుషులకి అది కుదరదు. హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక, మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడింది కూడా అక్కడే, రహీం సాబ్ పద్ధతి మార్చారు, ముందు వరస మధ్యలో ఉండే సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనక్కి లాగి ఆడించే హంగరీ తరహా ఆట వైపు వచ్చారు. అందుకని వెనక ముగ్గురు, మధ్యలో ఇద్దరు, ముందు ఐదుగురు.

వెనక అజీజుద్దీన్, నయీం, మెల్‌బోర్న్ టీమ్ డిఫెండర్ అహ్మద్ హుస్సేన్. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన టీమ్ కెప్టెన్, కాబట్టి ఇక్కడా ఆయనే కెప్టెన్. మధ్యలో నూర్, యూసఫ్. ముందు కుడి నుంచి మొయినుద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, జుల్ఫికర్, బలరాం. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న టీమ్‌కి షబ్బీర్ అలీ కెప్టెన్. వెనక్కి జరిగి ఆడే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆయన ఇష్టపడతాడో లేదో గానీ, కాయిన్ కదా, చెప్పినట్టు వింటుంది.

పేర్ల స్టిక్కర్లు మొదట ఇంక్‌జెట్‌లో తీయించా, మెరుస్తుందని పైన నెయిల్ పాలిష్ రాశా. నూర్ మహమ్మద్ మొత్తం నీలి మరకై పోయాడు. రెండోసారి ప్రింట్ మీద ముందే వెడల్పాటి ట్రాన్స్‌పరెంట్ టేప్ అంటించి, ఆ తర్వాత 22 ఎంఎం గుండ్రంగా కత్తిరించా. కాయిన్ అడ్డం మూడు సెంటీమీటర్ల పైచిలుకు కాబట్టి చుట్టూ చెక్క అంచు అందంగా కనిపిస్తుంది. తెలుగులో పేర్లు కాబట్టి ఫాంట్ కొంచెం పెద్దది పెట్టాలి, "జుల్ఫికరుద్దీన్" రెండు లైన్లు చేశా.

తంగరాజ్ అగ్గిపెట్టె. లోపల ఇసుక నింపా, బంతి గట్టిగా తగిలితే పడిపోయాడు. ఇసుక తీసేసి నాలుగు ఇనుప నట్లు పేర్చి, ఖాళీలో మైనం పోశా. ఇప్పుడు కొండలా నిలబడ్డాడు. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల గోల్‌లో ఐదు సెంటీమీటర్లకు పైగా ఆయనే.

జులై: ఆట

రూల్స్ రాసుకునేటప్పుడు రహీం సాబే గుర్తొచ్చారు. ఆయన డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నీలు పెట్టేవారు, బంతి రాగానే ఒక్క టచ్‌లో ఇంకొకరికి ఇచ్చేయాలి. అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు కూడా. దాన్నే దింపేశా. ఒకే కాయిన్ వరసగా రెండుసార్లు బంతిని కొట్టకూడదు. మూడు టచ్‌లలో గోల్ వైపు కొట్టాలి, కొట్టేముందు "గోల్" అని చెప్పాలి, అప్పుడు ఎదుటివాడు అగ్గిపెట్టెను సర్దుకోవచ్చు. బంతి కంటే ముందు ఎదుటివాడి కాయిన్‌కి తగిలితే ఫౌల్. రెండో హాఫ్ అంతా ఎడమ చేత్తోనే. మా అబ్బాయి ఎడమచేతి వాటం, ఆ సంగతి రూలు పెట్టాకే గుర్తొచ్చింది.

మొదటి మ్యాచ్‌లో 5-2తో ఓడా. ఒక్క టచ్ రూలుతో ఆట భలే వేగంగా నడుస్తుంది, హాఫ్‌కి పది నిమిషాలు సరిపోతాయి.

మిగిలింది జుల్ఫికర్ స్థానం. పెద్దనాన్న పోలీస్ మనిషిని కదలనివ్వడు. ఆఫీసు మిత్రుడు మాత్రం హబీబ్ పక్కన తమ్ముడు అక్బర్ ఉండాల్సిందే అంటాడు, 1976లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ డర్బీలో పదిహేడు సెకన్లలో గోల్ కొట్టినవాణ్ని ఎలా వదిలేస్తావని. అన్నదమ్ముల్ని విడదీయడం నాకూ మనసొప్పలేదు. అందుకని ఒకే కాయిన్‌కి పైన జుల్ఫికర్, కింద అక్బర్, మ్యాచ్‌కి ముందు టాస్ వేసి ఏ పేరు పైకొస్తే వాళ్లు.

కిందున్న స్టిక్కర్ అంచు సన్‌మైకాకి రాసుకుని కాయిన్ తిన్నగా పోవట్లేదు, చివర్లో ఎడమకి వంపు తిరుగుతోంది. తీసేద్దామనుకుంటూ ఉండగానే నిన్న రాత్రి అక్బర్ పైకొచ్చాడు. నేను గోల్ మీదికే కొట్టా, కాయిన్ బంతిని సగం తాకి వంపు తిరిగింది, బంతి తిన్నగా పోయి హబీబ్ ముందు ఆగింది. పెద్దనాన్న వీడియో కాల్‌లో చూస్తున్నాడు, "కింద జుల్ఫికర్ ఉండి పాస్ ఇచ్చిండు" అన్నాడు. స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది.