చించినాడ వంతెన మీంచి సింగపూర్‌కి

మా వైపు ఆడమనిషి పాస్‌పోర్టు తీయించుకుందంటే జనం అడిగే మొదటి ప్రశ్న "కువైటా, మస్కటా?" రెండోది "ఎన్నేళ్ళ వీసా?" రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫ్‌లో పనిచేసొచ్చిన ఆడవాళ్ళు లేని వీధి నాకు తెలిసి లేదు. నేను సింగపూర్ అన్నాను, ఐదు రోజులన్నాను, పనికి కాదు, పందేనికి అన్నాను. మా ఎదురింటి పెద్దమ్మ కాసేపు నా మొహం చూసి "డబ్బులు వాళ్ళిస్తారా, మనమే కట్టాలా?" అని అడిగింది. మనమే కట్టాలి పెద్దమ్మా. చీటీ పాడాను.

పందెం పేరు హైరాక్స్. 2017లో జర్మనీలో, హాంబర్గ్‌లో మొదలైంది. మొదలెట్టిన ఇద్దరిలో ఒకాయన మోరిట్జ్ ఫ్యుర్‌స్టె. 2008, 2012 ఒలింపిక్స్ రెండింట్లోనూ జర్మనీ హాకీ జట్టుతో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి. ఒక కిలోమీటరు పరిగెత్తాలి, ఒక బరువు పని చెయ్యాలి. మళ్ళీ కిలోమీటరు, మళ్ళీ ఇంకో పని. అలా ఎనిమిదిసార్లు. స్కీ యంత్రం మీద తాళ్ళు గుంజుతూ 1000 మీటర్లు, స్లెడ్ అనే ఇనుప బండిని నెడుతూ 50, దాన్నే తాడుతో లాగుతూ 50, నేల మీద పడుకుని లేచి ముందుకి గెంతుతూ 80, పడవ తెడ్డు యంత్రం మీద 1000, రెండు చేతుల్లో రెండు బరువులతో నడుస్తూ 200, భుజాన ఇసక సంచీ వేసుకుని అడుగడుక్కీ మోకాలు నేలకి ఆనిస్తూ 100. ఆఖర్న బంతిని గోడెత్తున వందసార్లు విసరాలి. ఏ దేశంలో పెట్టినా ఇదే వరస, ఇవే కొలతలు. నాకు నచ్చింది అదే. హాంబర్గ్‌లో పరిగెత్తిన మనిషి నెట్టిన బరువెంతో మలికిపురంలో కూర్చుని నాకు తెలుసు.

ఇవన్నీ చూసి జనం కొత్త ఆటలంటారు గానీ, నాకు కొత్త ఏం కనపడలేదు. రెండు చేతుల్లో రెండు బిందెలు, భుజాన సంచీ, తాడు పట్టి లాగడం. అంతర్వేది ఒడ్డున అలివి వల లాగేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వెనక్కి వాలి, కాళ్ళు ఇసకలో పాతి, ఒకరి చెయ్యి వెనక ఒకరి చెయ్యి. స్లెడ్ తాడు పట్టుకున్న మొదటి రోజు నా ఒంటికి గుర్తొచ్చింది వాళ్ళే.

నాకు జోడీ మా ఆడపడుచు. తనకి ఇరవై తొమ్మిది, నాకు ముప్పై ఆరు. తను పాలకొల్లులో నర్సు, నేను మలికిపురం దగ్గర రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. 2025 మేలో ముంబైలో ఈ పందెం మన దేశంలో మొదటిసారి పెట్టినప్పుడు ఫోన్లో చూసి తనే నాకు పంపింది. "వదినా, ఇది మనం చెయ్యగలం" అని మాత్రమే రాసింది. డబుల్స్‌లో ఎనిమిది కిలోమీటర్లూ ఇద్దరూ కలిసే పరిగెత్తాలి. బరువు పనులు మాత్రం ఎలా కావాలంటే అలా పంచుకోవచ్చు. తను లేడిపిల్లలా పరిగెత్తుతుంది, నాకు బలం ఎక్కువ. అందుకని స్లెడ్లు ఎక్కువ నావి, గెంతులు ఎక్కువ తనవి అనుకున్నాం. పరుగులో నేను వెనకపడితే తను ఆగాలి. ఆ మాట అన్నాక ఒక నెలరోజులు నేను పరుగు తప్ప ఇంకో పని పెట్టుకోలేదు.

మా డెల్టాలో ఎత్తు లేదు. ఎటు చూసినా చేలు, కాలవ గట్లు, కొబ్బరి చెట్లు. కాళ్ళకి బలం రావాలంటే ఎక్కడానికి ఏదో ఒకటి కావాలి కదా. మాకున్న కొండ చించినాడ వంతెనే. అటు పాలకొల్లు వైపు నుంచి తను, ఇటు దిండి వైపు నుంచి నేను ఆదివారం తెల్లారుజామున బయల్దేరి వంతెన మొదట్లో కలుస్తాం. కింద వశిష్ఠ గోదావరి, పైన ఇంకా లైట్లు ఆర్పని లారీలు. పక్కగా, ఒకరి వెనక ఒకరం, రెండు వైపుల ఎత్తూ ఎక్కుతూ దిగుతూ ఆరుసార్లు. తర్వాత తన స్కూటీ మీద భీమవరం. అక్కడి జిమ్ములో స్కీ యంత్రం, తెడ్డు యంత్రం రెండూ ఉన్నాయి. మిగతా ఆరు రోజులూ ఎవరి ఊళ్ళో వాళ్ళం.

స్లెడ్ ఎక్కడా దొరకలేదు. వెల్డింగ్ షాపు అతనికి ఫోన్లో బొమ్మ చూపిస్తే "ఆయ్, చక్రాలు ఎన్నండి?" అన్నాడు. చక్రాలు ఉండవు, అదే కష్టమంతా అని చెప్పాను. చేసిచ్చాడు. మిల్లు కాటా మీద పెడితే ఇరవై ఏడు కిలోలు తూగింది. ఆడవాళ్ళు నెట్టాల్సిన బరువు బండితో కలిపి 102 కిలోలు. మా గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ఇరవై ఏడుకి డెబ్భై ఐదు కలిపితే నూటరెండు! లెక్కలు రాసేదాన్ని, కూడికలు రోజూ చేస్తాను, కానీ ఆ కూడిక చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్క బస్తా. మా మిల్లులో జట్టువాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా వీపు మీద మోసేది అదే.

సిమెంటు గచ్చు మీద ఇనుము జారిపోతుంది. పందెంలో కింద తివాచీ లాంటిది ఉంటుంది, బండి పట్టేస్తుంది. టెంట్ హౌస్ నుంచి పెళ్ళిళ్ళకి పరిచే ఆకుపచ్చ మ్యాటు తెచ్చి గచ్చు మీద పరిచాం. మొదటిసారి నెడితే బండితో పాటు మ్యాటు కూడా ముడుచుకుంటూ వచ్చేసింది. నాలుగు వైపులా బస్తాలు పెట్టి బిగించాక అప్పుడు తెలిసింది అసలు సంగతి. చేతులు చాపి, తల దించి, ఒళ్ళంతా పెట్టి తోస్తే బండి జానెడు కదిలి ఆగింది. మళ్ళీ తోశాను, మళ్ళీ జానెడు. జట్టు మేస్త్రి గారు ఊక గుట్ట పక్కన నిలబడి చూస్తున్నారు. "చిన్న అడుగులెయ్యండమ్మా. మడమ ఆన్చకండి, మునివేళ్ళ మీదే ఉండండి. బండిని ఆగనివ్వకండి, ఆగిందా మళ్ళీ కదలదు." అంతే చెప్పారు. ఆయన చెప్పినట్టు చేసిన నాలుగో రోజుకి పన్నెండున్నర మీటర్లు ఆపకుండా తోశాను. పందెంలో అలాంటివి నాలుగు.

ఇక ప్రయాణం.

ఇలాంటి ప్రయాణం మామూలు యాత్రలా వేసుకోకూడదని నాకు అర్థమైంది. యాత్రలో మనం ఊరు చూడటానికి వెళ్తాం. ఇక్కడ ఒక శనివారం పొద్దున ఒళ్ళు బాగుండాలి, మిగతా అన్నీ దానికి లోబడాలి. టికెట్టు కొనేటప్పుడు ఏ రోజన్నది మనం ఎంచుకుంటాం కానీ ఎన్ని గంటలకి మన వంతన్నది పందెం దగ్గర పడ్డాకే తెలుస్తుంది. అందుకని శనివారం రాత్రికి తిరుగు విమానం వద్దన్నాను, మా ఆడపడుచు సెలవు ఒకరోజు కలిసొస్తుందని ఎంత బతిమాలినా. సోమవారం తిరుగుతాం. వెళ్ళడం బుధవారం రాత్రి. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. రెండు పగళ్ళు, రెండు రాత్రులు నిద్రకీ, నీళ్ళకీ, అన్నానికీ. ఊరు చూడటమంతా ఆదివారమే. అప్పుడు కాళ్ళు ఎలా ఉంటే అలా.

రాజమండ్రి నుంచి విశాఖకి మాత్రం ఆ రోజు రైలు నమ్ముకోకుండా ముందు రోజే వెళ్ళిపోతున్నాం. 2025 అక్టోబరులో మొంథా తుఫాను మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. రైళ్ళు ఆగిపోతే ఎలా ఉంటుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

గడియారం మాకు కలిసొచ్చింది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున తొమ్మిదంటే మన ఆరున్నర, మేం రోజూ చెమటోడ్చే వేళ. తినేది కూడా మార్చం. చిన్న కరెంటు కుక్కరు, బియ్యం, కందిపొడి, మాగాయ. అమ్మ రొయ్యల పచ్చడి కూడా పెడతానంది. మాంసాలు, చేపలు, రొయ్యలు ఆ దేశంలోకి తీసుకెళ్ళడానికి నిబంధనలు ఉంటాయి, వద్దన్నాను. పందెం పొద్దున ఒంటికి తెలియని తిండి ఏదీ పెట్టకూడదన్నది నా పట్టుదల. చక్కెరకేళి మాత్రం అక్కడే కొనాలి. రావులపాలెం గెలంత తియ్యగా ఉండకపోయినా ఏదో ఒక అరటిపండు దొరక్కపోదు.

బస లిటిల్ ఇండియాలో. అన్నం దొరుకుతుందని ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, లిటిల్ ఇండియా స్టేషన్లో డౌన్‌టౌన్ లైను మెట్రో ఎక్కితే మారకుండా ఎక్స్‌పో స్టేషన్లో దిగొచ్చు. పందెం జరిగే ఎక్స్‌పో హాళ్ళు అక్కడే. విమానాశ్రయం నుంచైతే ఎక్స్‌పో ఒక్క స్టేషను దూరం, కానీ ఆ పక్కన గదులు మా చీటీ డబ్బుకి అందలేదు.

ఒక దెబ్బ తగిలింది, మీకు తగలకూడదని చెప్తున్నాను. విమానం టికెట్లు మా టౌనులో ఒక ఏజెంటు దగ్గర తీశాం. పాస్‌పోర్టు కాపీ ఇచ్చాను, అయినా ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరం వేసేశారు. నేను ఇంటికొచ్చి రాత్రి చూసుకున్నాను. మార్చడానికి డబ్బు కట్టాల్సొచ్చింది, దానికంటే మూడు రోజులు నిద్ర లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో, పేరు గడిలో ఏముందో, టికెట్టులోనూ వీసాలోనూ పందెం నమోదులోనూ అదే ఉండాలి. కౌంటరు ముందు నిలబడే చదువుకోండి. సింగపూర్ వీసా వెళ్ళే తేదీకి ముప్పై రోజుల లోపే వెయ్యాలి, కాబట్టి పందెం టికెట్టు, విమానం టికెట్టు ముందు కొని వీసా చివర్లో చూసుకోవాల్సిన పరిస్థితి. మాకు ఇంకా ఐదు వారాలుంది. వచ్చే వారం వేస్తాం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

వీసాలు మూడు. నేను, మా ఆడపడుచు, అమ్మ.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమని నేలమట్టం చేసింది. మా కొబ్బరి తోటలో తెల్లారి చూస్తే నిలబడ్డ చెట్లు పదకొండు. మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. అప్పిచ్చినవాళ్ళు ఆరేడేళ్ళు ఆగరు. మరుసటేడు అమ్మ ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి, కువైట్ వెళ్ళింది. నాకు ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళు అక్కడ చేసింది. రెండేళ్ళకోసారి వచ్చేది, బరువు తూచి కట్టిన అట్టపెట్టెలతో. సముద్రం పక్కనే ఉన్న ఊరట, ఒక్కసారి కూడా చూడలేదంది. ముంబై, ఢిల్లీ దగ్గరుండగా సింగపూర్ ఎందుకే అని అందరూ అడిగారు. అమ్మ విమానం ఎక్కి ఇంకో దేశంలో దిగాలి, అక్కడ ఎవరింట్లోనూ గిన్నె తోమకూడదు. అందుకు.

పాత పాస్‌పోర్టు ఎప్పుడో అయిపోయింది. భీమవరం పాస్‌పోర్టు కేంద్రంలో కొత్తది తీయించాం. పాత దాని మీద ఈసీఆర్ అనే ముద్ర ఉండేది. అది తలుచుకుని అమ్మ భయపడింది. ఈసీఆర్ ఉన్నవాళ్ళు పనికి వెళ్ళేటప్పుడు గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సింగపూర్ వాటిలో లేదు, పైగా మనం పనికి వెళ్ళట్లేదు అని చెప్పాను. "మరి ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలే?" అంది. "చూడ్డానికొచ్చానని చెప్పమ్మా." ఆ మాట రెండుసార్లు తనలో తను అనుకోవడం విన్నాను.

సర్దడం మాత్రం తన చేతుల్లో పెట్టేశాను. ఆ విద్యలో అమ్మని మించినవాళ్ళు మా ఇంట్లో లేరు. అటక మీంచి పాత గోధుమరంగు పెట్టె దింపి, తుడిచి, పగిలిందని పక్కన పెట్టింది. దాని తాళ్ళు మాత్రం విప్పి దాచింది. బూట్లు పెద్ద సామానులో వెయ్యనివ్వలేదు. "సామాను రాకపోతే దేనితో పరిగెడతావ్? చేతి సంచీలో పెట్టుకో." చేతి సంచీ పది కిలోలకి మించకూడదు. మిల్లు చిన్న కాటా మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి తొమ్మిదిన్నరకి తెచ్చింది. పాస్‌పోర్టుల జెరాక్సులు ముగ్గురి సంచుల్లో ముగ్గురివీ. లోపల జాకెట్టుకి కుట్టుకునే గుడ్డ సంచులు మూడు కుట్టింది, డాలర్లకి.

ఈ మధ్య సాయంత్రాలు నాతో మిల్లుకి వస్తోంది. గోదాము గోడ మీద తొమ్మిదడుగుల ఎత్తున సుద్దముక్కతో గీత గీశాం. నాలుగు కిలోల బంతి గుండెల దగ్గర పట్టుకుని, గుంజీలా కిందకి కూర్చుని, లేస్తూ ఆ గీతకి తగిలేలా విసరాలి. వంద. "అక్కడ రోజంతా నేనేం చెయ్యాలే, ఊరికే కూర్చోవడమేనా?" అని రెండు రోజుల నుంచి అడుగుతోంది. నిన్న స్టూలు వేసి కూర్చోబెట్టి, లెక్కపెట్టమ్మా అన్నాను.

పైకే లెక్కపెట్టింది. అరవై ఆరు దాకా ఆగలేదు. అరవై ఏడు దగ్గర ఆగింది. బంతి పట్టుకుని వెనక్కి తిరిగి చూశాను.

"గీతకి తగల్లేదు. ఇది లెక్క కాదు, మళ్ళీ వెయ్యి."