వరస అడగని ఎకసెక్కం

తిరుపతిలో కూర్చుని బ్యూనస్ ఐరిస్ టీమ్‌తో కాల్స్ మాట్లాడేవాళ్ళు, మెస్సీ మీద అభిమానంతో స్పానిష్ యాప్ దించుకున్నవాళ్ళు, మాఫాల్దా అనే చిన్నపాప కార్టూన్ బొమ్మలు ఎక్కడో చూసి "ఇందులో నవ్వడానికి ఏముందబ్బా" అనుకున్నవాళ్ళు, ఈ ముగ్గురి కోసం ఈ పోస్టు. జోకులు పోగేసి పెట్టడం లేదు. అర్జెంటీనా వాళ్ళు దేని మీద నవ్వుతారు, ఆ నవ్వు మన మీదికే తిరిగితే ఏం చెయ్యాలి, అంతవరకే.

మన చిత్తూరు పక్క ఎగతాళికి అనుమతి రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి వరస. బావ బామ్మర్దిని, తాత మనవరాలిని ఎంతైనా ఆటపట్టించొచ్చు. అదే మాట వరస కాని చోట నోరు జారితే పెద్ద రచ్చే. రెండోది జాతర. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు బూతులు తిట్టినా ఎవరూ కొట్టడానికి రారు, అది ఆచారం. వేషం తీసేశాక నోరు అదుపులో పెట్టుకోవాల్సిందే. అర్జెంటీనాలో వరసా అడగరు, జాతర దాకా ఆగరు. నాలుగు రోజులు పరిచయమైతే చాలు, మొదలుపెడతారు. దీన్ని 'కర్గాదా' అంటారు. మనల్ని ఏమీ అనకుండా మర్యాదగా మాట్లాడుతున్నారంటేనే ఇంకా బయటివాళ్ళ కింద లెక్క.

ముందుగా తగిలేది పేర్లు. సన్నగా ఉంటే ఫ్లాకో, లావుగా ఉంటే గోర్దో, బట్టతలైతే పెలాదో. ఇటాలియన్ వంశం వాడు తానో. స్పెయిన్ నుంచి ఎవరొచ్చినా గాషేగో, ఆ మాటకి అర్థం గలీసియా ప్రాంతంవాడు, వాళ్ళది ఆ ప్రాంతం కాకపోయినా సరే. సిరియా, లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళు అప్పట్లో ఒట్టోమన్ కాగితాలతో దిగారు కాబట్టి వాళ్ళ మనవళ్ళు కూడా తుర్కోలే. భార్య భర్తని 'గోర్దో' అని ముద్దుగా పిలుస్తుంది, అతను వెదురుబద్దలా ఉన్నా పిలుస్తుంది. ఇక మనకి కలుక్కుమనే మాట 'నేగ్రో', అంటే నల్లవాడు. రంగుతో సంబంధం లేకుండా స్నేహితుణ్ణి అలా పిలవడం అక్కడ మామూలు. కానీ అదే మాట ఎక్కడైనా చెల్లుతుందనుకుంటే తప్పు. పక్కనే ఉన్న ఉరుగ్వేలోనూ ఇదే అలవాటు. ఆ దేశపు ఆటగాడు కవానీ 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితుడికి 'నేగ్రీతో' అని జవాబిచ్చినందుకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మూడు మ్యాచుల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా వేసింది. అది ముద్దుమాటే కావొచ్చు. 2024 జులైలో అర్జెంటీనా కోపా అమెరికా ఫుట్‌బాల్ కప్పు గెలిచాక టీమ్ బస్సులో ఫ్రాన్స్ ఆటగాళ్ళ మీద పాడిన పాట మాత్రం ముద్దూ కాదు, సరదా కూడా కాదు, శుద్ధ జాత్యహంకారం. ఆ జట్టు ఆటగాడు ఎన్సో ఫెర్నాందెస్ లైవ్ పెట్టి, తర్వాత క్షమాపణ చెప్పాడు. "మా దగ్గర ఇది మామూలే" అని వాళ్ళు చెప్పే ప్రతిదాన్నీ మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

'బొలూదో' సంగతి చెప్పాలి. అసలుది బూతే. స్నేహితుల మధ్య మాత్రం మన 'రేయ్' లాగా వాక్యానికి ముందో వెనకో తగిలించేస్తారు. సాగదీసి, విడిగా, కోపంతో పలికితే మళ్ళీ బూతైపోతుంది. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, మాట నేర్చుకున్న ఉత్సాహంలో రెండో కాల్‌లోనే మేనేజర్ మీద వాడేస్తారు. అవతలివాళ్ళు మనతో రెండు మూడుసార్లు వాడేదాకా ఆగాలి. 'పెలోతూదో' అనేది దానికంటే ఘాటు, దాని జోలికి పోవద్దు.

జవాబు చెప్పడం అసలు విద్య. ఐదు నిమిషాలు లేటుగా కాల్‌లోకి వస్తే "అదిగో స్విట్జర్లాండ్ గడియారం వచ్చింది" అంటారనుకోండి. "సారీ, కరెంటు పోయింది" అంటే ఆట అక్కడే ఆగిపోతుంది. గంభీరంగా సంజాయిషీ ఇచ్చేవాడు వాళ్ళకి అయ్యో పాపం అనిపిస్తాడు తప్ప దగ్గరవడు. "అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వస్తున్నా, మీరింకా మీటింగే మొదలుపెట్టలేదా" అనండి. మెట్ల లెక్క వాళ్ళకి తెలియకపోయినా పర్లేదు, అబద్ధం పెద్దదిగా, మొహం మామూలుగా ఉంటే చాలు. అన్నవాణ్ణి ఎదురు పొడవడం కంటే మనల్ని మనమే ఇంకో మెట్టు దించుకోవడం ఎప్పుడూ పనిచేస్తుంది. వాళ్ళు చేసేదీ అదే. అర్జెంటీనా వాళ్ళకి గర్వం ఎక్కువని దక్షిణ అమెరికా అంతా జోకులు వేస్తుంది, వాటిని అందరికంటే బాగా చెప్పేది వాళ్ళే. అర్జెంటీనావాడు ఆత్మహత్య చేసుకోవాలంటే తన అహంకారం మీదికెక్కి దూకుతాడన్న జోకు సాక్షాత్తూ పోప్ ఫ్రాన్సిస్ చెప్పాడు. ఆయన బ్యూనస్ ఐరిస్ మనిషే కదా.

ఫుట్‌బాల్ దగ్గర ఈ నాలుకకి పట్టపగ్గాలుండవు. పరిచయంలో ఏ క్లబ్బు అని అడిగితే "బోకా, రివర్ రెండూ ఇష్టమే" అనకండి. ఆ రెండు క్లబ్బులూ బద్ధశత్రువులు, అది జవాబు కిందికి రాదు. రివర్ ప్లేట్ వాళ్ళని కోళ్ళు అంటారు. 1966లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు కోపా లిబెర్తదోరెస్ ఫైనల్లో 2-0తో ముందుండి ఉరుగ్వే క్లబ్బు పెన్యారోల్ చేతిలో 4-2తో ఓడారు. ఆ తర్వాతి మ్యాచ్‌లో బాన్‌ఫీల్డ్ అభిమానులు మైదానంలోకి కోడిని వదిలారు. అరవై ఏళ్ళవుతోంది, పేరు పోలేదు. 2011 జూన్ 26న రివర్ రెండో డివిజన్‌కి పడిపోయింది. రెండో డివిజన్ అంటే 'బి'. అప్పటినుంచి బోకా అభిమానులు తెల్లదుప్పటి కప్పుకుని, దాని మీద 'బి' రాసుకుని దయ్యాల్లా తిరగడం మొదలుపెట్టారు. 2015 మేలో బోకా స్టేడియంలో రివర్‌తో మ్యాచ్ మధ్యలో ఆగినప్పుడు ఆ దయ్యాన్ని డ్రోన్‌కి కట్టి ఎగరేశారు. దుప్పటి ఖర్చు ఎంత, పరువు నష్టం ఎంత! కర్గాదాకి ఇదే కొలత. చవగ్గా ఉండాలి, చరిత్ర తెలిసి ఉండాలి, అవతలివాడు మర్చిపోదామనుకున్నదాన్నే పట్టుకోవాలి. 2022 డిసెంబరు 9న నెదర్లాండ్స్ మీద గెలిచాక మెస్సీ ఒక ఆటగాడితో విసుగ్గా అన్న "ఏంట్రా చూస్తున్నావ్, మొద్దూ" కొద్ది రోజుల్లో కప్పులకీ టీషర్టులకీ ఎక్కింది కూడా ఇందుకే. అంత పెద్ద ఆటగాడు వీధిలో పిల్లాడిలా మాట్లాడాడు.

ఇక్కడే ఒక జాగ్రత్త. మ్యాచ్ ముందు "మీరే గెలుస్తారు, ఖాయం" అనొద్దు. అది 'మూఫా', అంటే దిష్టి లాంటిదే. ఎవరైనా అంటే "అనూలో మూఫా", దిష్టి రద్దు అని వెంటనే మెసేజి పెడతారు. పాతకాలం పద్ధతైతే మగవాళ్ళు ఎడమ వృషణం, ఆడవాళ్ళు ఎడమ రొమ్ము తాకుతారు. 1989 నుంచి 1999 దాకా అధ్యక్షుడిగా ఉన్న మెనెమ్ పేరు పలికితే దరిద్రమని, 'మెందెస్' అనేవాళ్ళు చాలామంది.

డబ్బు గురించి వాళ్ళు వేసే జోకుల్లో సగం నిజానికి ఆర్థికశాస్త్రం. 2023లో అక్కడ ద్రవ్యోల్బణం 211.4 శాతం. తమ కరెన్సీ పెసోని నమ్మలేక జనం డాలర్లు దాచుకుంటారు, 2025 ఏప్రిల్ దాకా ప్రభుత్వం గట్టిగా ఆపేది, దాంతో రకరకాల రేట్లు పుట్టాయి. బజారు రేటు 'బ్లూ' డాలర్. అది అమ్మే చాటుమాటు ఆఫీసు 'గుహ'. బ్యూనస్ ఐరిస్ ఫ్లోరిదా వీధిలో "కాంబియో, కాంబియో" (డబ్బు మార్పిడి) అని అరుస్తూ పేవ్‌మెంటు మీద పాతేసినట్టు నిలబడే మనిషి 'చిన్న చెట్టు'. 2022 అక్టోబరులో కార్డు మీద నెలకి 300 డాలర్లు దాటి విదేశీ ఖర్చు చేస్తే అదనపు పన్ను వేశారు. ప్రపంచకప్‌కి పోయేవాళ్ళకి తగిలే దెబ్బ కాబట్టి దాని పేరు 'కతార్ డాలర్' అయింది. విదేశీ సంగీత బృందాలకి చెల్లించే రేటు వేరే. ఆ నెలలోనే రివర్ స్టేడియంలో కోల్డ్‌ప్లే కచేరీలు మొదలవుతున్నాయి, కాబట్టి అది 'కోల్డ్‌ప్లే డాలర్'. పత్రికలు కూడా ఈ పేర్లతోనే వార్తలు రాశాయి. ఈ గొడవంతా తెలియకుండా మీమ్ చూస్తే ఏమీ అర్థం కాదు. హెలికాప్టర్ బొమ్మ కూడా అంతే. 2001 డిసెంబరు 20న రాజీనామా చేసిన అధ్యక్షుడు దె లా రూవా అధ్యక్ష భవనం పైనుంచి హెలికాప్టర్లో వెళ్ళిపోయాడు. ఆయనతో కలిపి 2002 జనవరి 2 లోపల కుర్చీలో ఐదుగురు మారారు. ఊరేగింపులో అట్టముక్క హెలికాప్టర్ కనిపిస్తే అది అధ్యక్షుడికి "నీకూ టైమొచ్చింది" అని చెప్పడం.

పత్రికల వైపుకొస్తే, అందరూ మాఫాల్దా దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. కార్టూనిస్టు కీనో దాన్ని ముందుగా మాన్స్‌ఫీల్డ్ అనే ఇంటిసామాన్ల బ్రాండు ప్రకటన కోసం గీశాడు. ఆ ప్రకటన రాలేదు. 1964 సెప్టెంబరు 29 నుంచి 1973 జూన్ 25 దాకా పత్రికల్లో నడిచింది. పిల్లల బొమ్మలనుకుని కొంటే నిరాశే. నియంత ఫ్రాంకో కాలం స్పెయిన్‌లో దీన్ని 'పెద్దలకు మాత్రమే' అన్న పట్టీ వేసి అమ్మించారు. ఆ పాప సూప్ అంటే అసహ్యించుకుంటుంది. మనకి అది తిండికి మారాం చేసే పిల్ల. కీనో లెక్కలో, వద్దన్నా రోజూ నోట్లో కుక్కే సైనిక ప్రభుత్వం. ఇంట్లో తాబేలు పేరు బ్యూరోక్రసీ. మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

నన్నడిగితే మాఫాల్దాకంటే ముందు 'తియా విసెంతా' కథ తెలుసుకోవాలి. కార్టూనిస్టు లాంద్రూ 1957లో పెట్టిన హాస్యపత్రిక. మీసాల జనరల్ ఒంగానియా 1966లో గద్దెనెక్కితే లాంద్రూ ఆయన్ని వాల్రస్‌గా గీశాడు. పత్రిక మూయించారు. అంతకంటే భయంకరమైన నియంతృత్వంలో, 1978లో, సరిగ్గా ప్రపంచకప్ నెలలో ఆంద్రెస్ కాషోలీ 'ఉమోర్' పత్రిక మొదలుపెట్టాడు. తొలి ముఖచిత్రం మీద ఫుట్‌బాల్ కోచ్ మెనోత్తినీ, ఆర్థికమంత్రినీ కలిపి ఒకే మనిషిగా గీశారు. పైకి ఆట, లోపల ఖర్చు లెక్క. టీవీలో హాస్యనటుడు తాతో బోరెస్ విగ్గు పెట్టుకుని, సూటు వేసుకుని, ఊపిరి తీసుకోకుండా రాజకీయం మాట్లాడేవాడు. యూట్యూబ్‌లో చూసేటప్పుడు వేగం 0.75కి తగ్గించుకోండి, అప్పటికీ కష్టమే. 1992లో ఒక న్యాయమూర్తి ఆయన కార్యక్రమంలో తన ప్రస్తావన రాకుండా ఉత్తర్వు తెచ్చుకుంటే, కళాకారులంతా చేరి ఆ పేరుని కావాలనే వంకరగా పలుకుతూ పొగడ్త పాట పాడారు. నిషేధం వచ్చాకే పేరు ఊరంతా తెలిసింది.

భాష రానివాళ్ళు లెస్ లూతియెర్స్‌తో మొదలుపెట్టొచ్చు. 1967లో హెరార్దో మసానా కట్టిన సంగీత హాస్య బృందం, 2023లో ఆఖరి ప్రదర్శనలు ఇచ్చి ఆపేశారు. వీడియోల్లో నల్లసూట్లలో వస్తారు, వాయిద్యాలు మాత్రం సొంత తయారీ. గోమ్-హార్న్ అంటే నీళ్ళ పైపు, ఒక చివర గరాటు, రెండో చివర ట్రంపెట్ ఊదే ముక్క. మోటారు కొట్టు దగ్గర సగం సామాను దొరుకుతుంది. ఇంకోటి పెయింటు డబ్బాతో చేసిన వయోలా. చూడగానే నవ్వొస్తుంది, అసలు నవ్వు తర్వాత వస్తుంది, ఎందుకంటే అవి శ్రుతి తప్పవు. పెయింటు డబ్బా అపశ్రుతి పలికితే అది సర్కస్, సరిగ్గా పలికితేనే హాస్యం. ముందుగా మార్కోస్ ముండ్‌స్టాక్ రేడియో ప్రకటనకారుడి గొంతుతో, లేని సంగీతకర్త మాస్త్రోపియెరో జీవితచరిత్ర చదువుతాడు. ఆ గొంతులో ఒక్క చిరునవ్వు ఉండదు.

బూతుల గురించి ఫోంతనరోసా ఒక మంచి మాటన్నాడు. రొసారియో ఊరి కార్టూనిస్టు. 2004లో ఆ ఊళ్ళోనే స్పానిష్ భాషా మహాసభ జరిగితే, పండితుల మధ్య లేచి అసలు చెడ్డమాటలు ఎందుకు చెడ్డవి, మిగతా మాటల్ని కొడతాయా అని అడిగి, వాటికి క్షమాభిక్ష పెట్టమన్నాడు. గంగమ్మ జాతర చూసిన ఊరివాళ్ళకి ఆ వాదన కొత్తదేమీ కాదు.

వేటి మీద జోకు వెయ్యకూడదో కూడా చెప్పాలి. 1982 మాల్వినాస్ (ఫాక్‌లాండ్ దీవుల) యుద్ధంలో 649 మంది అర్జెంటీనా వాళ్ళు చనిపోయారు, దాని జోలికి పోవద్దు. 1976-83 మధ్య సైనిక పాలనలో మాయమైన మనుషుల విషయమూ అంతే. వాళ్ళలో వాళ్ళు వేసుకుంటే విని ఊరుకోవడమే.

చాట్‌లో వాళ్ళ నవ్వు జె అక్షరంతో ఉంటుంది. 'జాజాజా' అని చదవకండి, అక్కడ జె పలికేది 'హ'. పొడుగ్గా, అక్షరాలు అటూఇటూ తారుమారై వచ్చిందంటే నిజంగానే నవ్వుతున్నారు. రెండుసార్లే ఉంటే మర్యాదకి. ఒక్కటే వస్తే జోకు తగల్లేదు, వెంటనే ఇంకోటి వెయ్యకుండా ఆ రోజు పని సంగతి ఎత్తుకోండి.