కన్సల్టెంట్ లేకుండా నా ఐటీ రిటర్న్

విశాఖ ఆటోనగర్‌లో మా కంపెనీకి ఆర్డర్లు తగ్గినప్పటి నుంచి ఓటీ (ఓవర్‌టైమ్) లేదు, జీతం కూడా ఒకటో తారీఖున పడటం మానేసింది. హోమ్ లోన్ ఈఎంఐ మాత్రం తారీఖు రాగానే ఠంచనుగా కట్ అయిపోతుంది. అలాంటి టైములో, గాజువాకలో మేమంతా రిటర్నులు వేయించుకునే కన్సల్టెంట్ రేటు పెంచాడు. ఫీజు పదిహేను వందలు, రీఫండ్ వస్తే అందులో పది శాతం అదనం.

"ఏటండీ, పోయినేడు ఎనిమిది వందలే కదా?" అన్నాను.

"ఇప్పుడు వివరాలన్నీ అడుగుతున్నారు సార్, పనెక్కువ" అన్నాడు.

అది అబద్ధమేమీ కాదని తర్వాత తెలిసింది. కానీ ఆ డబ్బుతో గ్యాస్ బండ వస్తుంది, పాల బాకీ కొంత తీరుతుంది. ఈసారి నేనే వేసుకుందామని కూర్చున్నాను.

నాది సాదా కేసు. జీతం, కూర్మన్నపాలెంలో నా ఒక్కడి పేరు మీదున్న ఫ్లాట్, కాస్త బ్యాంకు వడ్డీ. ఆదాయం 50 లక్షల లోపున్న ఇలాంటివాళ్లకి ఐటీఆర్-1, అంటే సహజ్, సరిపోతుంది. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో పాన్ నంబరే యూజర్ ఐడీ. జీతం, టీడీఎస్ (జీతంలోంచి ముందే కట్ చేసిన పన్ను) అంకెలు చాలావరకు ముందే నింపి ఉంటాయి, కంపెనీ ఇచ్చే ఫారం 16 (జీతం, పన్నుల సర్టిఫికెట్) పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి. మన పాన్ మీద శాఖకి అందిన లెక్కలు ఉండే ఏఐఎస్ కూడా డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఎప్పుడో పాత కంపెనీవాళ్లు తెరిపించిన సేవింగ్స్ అకౌంట్‌లో పడిన నాలుగు వందల చిల్లర వడ్డీ కూడా అందులో కనిపించింది!

అసలు సంగతంతా ఫారం 16 పార్ట్ బీలో ఉంది. 2024-25లో నా జీతం 8,40,000. కంపెనీ కొత్త పన్ను విధానంలో లెక్క కట్టింది. ఉద్యోగి ఏదీ చెప్పకపోతే కొత్తదే వర్తిస్తుంది, మమ్మల్ని ఎవరూ అడగనూ లేదు. స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ తీసేసేది) 75,000 పోగా 7,65,000 మీద పన్ను, సెస్సు కలిపి 27,560 కట్ చేశారు. కొత్త విధానంలో 80సీ (పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటివాటికిచ్చే మినహాయింపు) ఉండదు, మనం ఉంటున్న ఇంటి లోన్ వడ్డీ కూడా తగ్గించరు.

మరి ఇవన్నీ తగ్గించే పాత విధానంలో అయితే? మా అమ్మాయి రఫ్ నోట్‌బుక్ తీసుకుని లెక్క వేశాను. 8,40,000లో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400 తీసేస్తే 7,87,600. లోన్ వడ్డీ 1,42,000 తీశాను. పీఎఫ్, ఎల్‌ఐసీ, లోన్ అసలు కలిపితే 80సీ పరిమితి 1,50,000 దాటేసింది, కాబట్టి లక్షన్నరే తీయాలి. మిగిలింది 4,95,600. ఐదు లక్షల లోపు కాబట్టి 87ఏ రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా. సేవింగ్స్ వడ్డీ ఆదాయంలో కలిపినా 80టీటీఏ కింద మళ్లీ తీసేయొచ్చు. అంటే కట్ చేసిన 27,560 మొత్తం వెనక్కి రావాలి. మా ఆవిడ నమ్మక, ఫోన్‌లో తనూ కూడి చూసింది. "ఇంత అడిగితే నోటీసు పంపరా?" అని తన టెన్షన్.

ఆ టెన్షన్‌కి కారణం లేకపోలేదు. దొంగ డిడక్షన్లతో రీఫండ్లు ఇప్పిస్తున్నవాళ్ల మీద 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. రీఫండ్‌లో వాటా అడిగేవాడికి రీఫండ్ పెంచితేనే లాభం, తేడా వస్తే నోటీసు వచ్చేది మాత్రం మన పాన్‌కి. పది శాతం మాట నాకు మొదట్నుంచీ నచ్చనిది అందుకే.

నా ప్రతి అంకెకీ కాగితం ఉంది. ఈసారి ఫారంలో లోన్ ఇచ్చిన బ్యాంకు, అకౌంట్ నంబరు, మంజూరైన తేదీ, తీసుకున్న మొత్తం, మార్చి 31 నాటికి ఇంకా ఎంత బాకీ అన్నీ అడిగారు. ఎల్‌ఐసీకి పాలసీ నంబర్లు ఇవ్వాలి. బ్రాంచికి వెళ్తే కౌంటర్లో మేడమ్ నా చేతిలో కాగితం చూసి, "ఇది ప్రొవిజనల్ అండీ, ఏడాది మధ్యలో తీసుకున్నది. ఇది పనికిరాదు" అని మార్చి దాకా లెక్కతో కొత్త సర్టిఫికెట్ తీసిచ్చారు. ఫైనల్‌లో వడ్డీ వేరే అంకె ఉంది. మీరూ ఆ ఫైనల్ సర్టిఫికెట్టే అడగండి.

పోర్టల్‌లో పాత విధానం కావాలా అని సూటిగా అడగరు. కొత్త విధానం నుంచి బయటికి వస్తారా అని అడుగుతారు. 'అవును' అంటే పాతది. గడువు లోపు వేస్తేనే ఈ వీలు. 2025లో ఆ గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి, ఆఖర్లో ఇంకో రోజు పొడిగించారు. అది దాటితే కొత్త విధానమే గతి, పైగా లేటు ఫీజు.

రీఫండ్ పడాల్సిన అకౌంట్‌ని పోర్టల్‌లో వ్యాలిడేట్ చేయాలి, అంటే అది మనదేనని ఖరారు చేయించాలి. నాది ఒకప్పటి ఆంధ్రా బ్యాంకు అకౌంట్. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది, పోర్టల్‌లో మాత్రం పాత ఐఎఫ్ఎస్‌సీ కోడే ఉంది. అది మార్చాక ఓకే అయింది. చివర్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేశాను. 30 రోజుల్లోగా అది చేయకపోతే రిటర్న్ వేసినా లెక్కలోకి రాదు.

రిటర్నులు పరిశీలించే బెంగళూరు సీపీసీ నుంచి, లెక్క సరిచూశామని చెప్పే 143(1) మెయిల్ వచ్చింది, డబ్బూ పడింది. ఈఎంఐకీ, అమ్మాయి ఫీజుకీ పోయింది. ఇది విని కంపెనీలో కొందరు వాళ్లవీ పట్టుకొచ్చారు. షేర్ మార్కెట్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడే కుర్రాడిని మాత్రం సీఏ దగ్గరికే పంపాను, అతనికి ఐటీఆర్-1 కుదరదు.

2025-26కి లెక్క మారింది. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఇచ్చారు కాబట్టి నా జీతానికి పన్నే లేదు, ఆ సర్టిఫికెట్ల అవసరమూ లేదు. ఆదాయం నాలుగు లక్షలు దాటింది కాబట్టి రిటర్న్ మాత్రం వేయాలి. ఏప్రిల్ నుంచి టీడీఎస్ కట్ అవుతోందేమో పే స్లిప్పుల్లో చూశాను, అవడం లేదు.