హనుమకొండ గ్రౌండ్ల మొదలైన నా హాఫ్ మారథాన్

ఉరకాలనుకునేటోళ్లు ముందు మెల్లగా ఉరకడం నేర్చుకోవాలె, ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్న. నాకు నలభై రెండేండ్లు, హనుమకొండల ఉంటం, సర్కారు బడిల టీచర్‌గ చేస్తున్న. బ్లడ్ టెస్ట్‌ల హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. అది మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్ట్, 5.7 నుంచి 6.4 దాంక ఉంటే షుగర్ ఇంకా రాలేదు గాని వచ్చేటట్టు ఉన్నదని, 6.5 అయితే వచ్చేసిందని లెక్క. మా అమ్మకు షుగరే, కాలి పుండు మానక ఆమె ఎంత గోస పడ్డదో పక్కనుండి చూసిన, అందుకే డాక్టర్ "ఇప్పుడే మందులొద్దమ్మా, ఒళ్లు కదిలియ్యి, అన్నం జర తగ్గియ్యి" అనంగనే తెల్లారి నుంచే మొదలువెట్టిన.

ముందు భద్రకాళి బండ్ మీద నడక. పొద్దుగాల చెరువు మీద నుంచి గాలి వస్తుంటే మస్తు హాయి, నడిచేటోళ్లు సుత మంచిగ మందే ఉంటరు. కానీ కొన్నాళ్లకు ఎంత నడిచినా చెమట పట్టుడు తగ్గింది, ఆయాసమే వస్తలేదు, అప్పుడు జేఎన్ఎస్‌కు పోవుడు షురూ చేసిన, అదే మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. 2021 సెప్టెంబర్‌ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది ఆ సింథటిక్ ట్రాక్ మీదనే.

అక్కడ నాకు గురువులు దొరికిండ్రు. పోలీస్ ఈవెంట్స్‌కు, అంటే పోలీస్ నౌకరీల కోసం పెట్టే ఉరుకుడు అసొంటి పరీక్షలకు ప్రిపేర్ అయ్యే ఆడపిల్లలు, ఊర్ల నుంచి వచ్చి నలుగురైదుగురు కలిసి రూమ్ కిరాయికి తీస్కొని ఉంటరు, చీకటి ఉండంగనే గ్రౌండ్‌ల ఉంటరు. 2022 నోటిఫికేషన్‌ల ఆడోళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల కొట్టాలె, మొగోళ్లకైతే 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల. ఒక్క సెకను అటైతే ఆ నోటిఫికేషన్ పోయినట్టే, మళ్లెప్పుడు పడ్తదో ఎవ్వలకు తెల్వదు. నేను ఆరోగ్యం కోసం వచ్చిన, వాళ్లు బతుకుదెరువు కోసం వచ్చిండ్రు, అయినా ఓపికగ నేర్పిచ్చిండ్రు, ఆ పిల్లలంటే నాకు చాలా గౌరవం.

అందుట్ల ఒక పిల్ల చెప్పిన మాట మీదనే నేను ఇంతదూరం వచ్చిన. "అక్కా, పక్కనోళ్లతోని ముచ్చట పెట్టుకుంట ఉరకొస్తే అదే నీ స్పీడు, ముచ్చట ఆగిందంటే తగ్గియ్యాలె, మేము సుత వారంల సగం రోజులు గట్లనే ఉరుకుతం" అన్నది. ఎందుకని తర్వాత చదివి తెల్సుకున్న, మెల్లగా ఉరికినప్పుడు ఒంట్లె కొవ్వు ఎక్కువ ఖర్చయితది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుడు నేర్చుకుంటది, ఇంకోటి ఏందంటే ఊపిరి కొన్ని వారాలల్లనే పెరుగుతది గాని ఎముకలు, కండను బొక్కకు కట్టి ఉంచే పట్టీలు గట్టివడనీకి నెలలు పడ్తది, అందుకే దమ్ము ఉన్నది కదా అని స్పీడ్ పెంచితే ముంగాలి బొక్క నొప్పి పట్టుకుంటది. నేను నిమిషం ఉరికి రెండు నిమిషాలు నడుసుడు తోటి మొదలువెట్టి, నడక తగ్గిచ్చుకుంట ఉరుకుడు పెంచుకుంట పోయిన. నన్ను అందరూ దాటిపోయేటోళ్లు, పోనీ, నా పని నాది.

ఇంట్ల అత్తమ్మ "మోకాళ్లు అరుగుతయ్ బిడ్డా" అని రోజూ అనేది. ఆమె బాధ నాకు అర్థమైతది, ఆమెకు నొప్పులున్నయ్. కానీ సాధారణంగ ఉరికేటోళ్లకు, అసలు కదలకుండ కూసునేటోళ్ల కన్నా మోకాళ్ల అరుగుడు ఎక్కువేం ఉండదని పరిశోధనలు చెప్తున్నయ్. గల్లీలనేమో ట్రాక్ ప్యాంట్ ఏస్కొని పోతుంటే "ఈ వయసుల ఏంది టీచరమ్మా" అన్నోళ్లున్నరు. ఒలింపిక్స్‌ల ఆడోళ్ల మారథాన్ 1984 దాంక లేనే లేకుండె, ఆడోళ్లు అంతదూరం ఉరకలేరని ఆటలు నడిపే పెద్దోళ్లే నమ్మిండ్రు, గల్లీ వాళ్లను ఏమంటం. మన పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి 2024 మేల జపాన్‌ల జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్లు 55.07 సెకన్లల్ల ఉరికి తన విభాగంల ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. నా క్లాసుల ఆడపిల్లలకు ఈ ముచ్చట చెప్పుకుంట నాకు నేను సుత చెప్పుకున్న.

కుక్కల సంగతి చెప్పాలె, ఆడోళ్లు ఎక్కువ అడుగుతరు. చీకట్ల గల్లీలల్ల ఒక్కదాన్నే పోను, కుక్క ఎంటవడ్తే ఉరుకుడు ఆపి నడుస్త, ఉరికితేనే అది ఇంకింత ఎంటవడ్తది.

ఎండకాలమే అసలు పరీక్ష. మే నెలల వరంగల్ ఎండ 44 దాటుతది, రాత్రి సుత వేడి దిగదు, ఆరు గంటల లోపట్నే ముగించేది. పోయేముందు ఉప్పేసిన మజ్జిగ, వచ్చినంక జొన్న అంబలి, ఎక్కువ దూరమైన రోజు ఓఆర్‌ఎస్. ఒట్టి నీళ్లే తాగితే కాళ్లు గుంజుతుండె, ఉప్పు పోయేది ఉప్పు తోటే పూడ్చాలె.

ఆగస్టుల హైదరాబాద్ మారథాన్‌ల 21.1 కిలోమీటర్లకు, అదే హాఫ్ మారథాన్‌కు పేరిచ్చిన. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాంక, మబ్బు పట్టి ఉక్క, దానికి తోడు ఫ్లైఓవర్లు, మన ట్రాక్ మీద ఎత్తు దిగుడు ఏముంటయ్. మొదటి పది కిలోమీటర్లు పక్కన సిద్దిపేట నుంచి వచ్చిన ఒకామె తోటి పిల్లల చదువుల ముచ్చట పెట్టుకుంటనే పోయిన. పద్దెనిమిది దాటినంక ముచ్చట లేదు, తొడలు బిగిసినయ్, ఫ్లైఓవర్ ఎక్కుడంత నడిచి దిగుడంత ఉరికి రెండు గంటల యాభై నిమిషాలల్ల ముగించిన. కండ్లల్ల నీళ్లు ఆగలే, అమ్మకు ఫోన్ చేస్తే ఆమె సుత ఏడ్సింది.

తర్వాత చేయించిన టెస్ట్‌ల హెచ్‌బీఏ1సీ 5.6 వచ్చింది. అన్నం తగ్గిచ్చుడు కూడా అందుట్ల ఉన్నది, ఒక్క ఉరుకుడుకే పేరు ఇయ్యను. ఇప్పుడైతే తొడల బలం మీద పడ్డ, వారంల రెండ్రోజులు ఇంట్ల స్క్వాట్లు, ఆదివారం పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కుడు, వచ్చే ఏడు ఆ ఫ్లైఓవర్లు నడవకుండ ఎక్కాలె.