లబాట్ 50: చల్లదనం తగ్గాక తెలిసిన రుచి

మాంట్రియల్‌లో బీరు కోసం దూరం వెళ్ళక్కర్లేదు. వీధి చివర ఉండే చిన్న కిరాణా కొట్లలో, అంటే ఇక్కడివాళ్ళు డెపానర్ అనే వాటిలో, రాత్రి 11 దాకా అమ్ముతారు. మా దగ్గరి కొట్టు ఫ్రిజ్‌లో రంగురంగుల క్రాఫ్ట్ బీర్ల (చిన్న తయారీదార్ల బీర్ల) కింద, అడుగు అరలో లబాట్ 50 అనే పాత కెనడా బీరు ఉంటుంది. ఆకుపచ్చ డబ్బా, మీద పెద్ద అంకె. కుర్రకారు దాన్ని పెద్దగా పట్టించుకోరు. నేను తీసుకెళ్తే కౌంటర్ దగ్గరి పెద్దాయన మొహం వెలిగిపోయింది.

జాన్, హ్యూ లబాట్ అన్నదమ్ముల భాగస్వామ్యానికి యాభై ఏళ్ళు నిండాయని 1950లో తెచ్చిన ఏల్ ఇది, అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే రకం బీరు. 1979 దాకా కెనడాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది. తర్వాత అదే కంపెనీ లాగర్ (చల్లగా పులియబెట్టే రకం), లబాట్ బ్లూ, దీన్ని దాటేసింది. ఇది నిజంగా ఏల్‌లా ఉంటుందా, లేక పేరుకే ఏలా అన్నది నా అనుమానం. అందుకే బ్లూ కూడా ఒకటి కొన్నా.

ఏది ఏదో నాకు తెలియకుండా రూమ్మేట్ వంటింట్లో రెండు ఒకేలాంటి గ్లాసుల్లో పోసి తెచ్చాడు. చూడటానికి రెండూ లేత బంగారు రంగే, తేటగా ఉన్నాయి. తెల్లటి నురగ లేచినంత వేగంగా అణిగిపోయింది. ఫ్రిజ్ చలి మీద తాగితే రెంటికీ తేడా లేదు. గ్యాసు నాలుకను పొడుస్తోంది, కాస్త చేదు, అంతే. "అన్నా, రెండూ ఒకటే, ఊరికే డబ్బులు దండగ," అన్నాడు వాడు.

గ్లాసులు అలాగే బల్ల మీద వదిలేసి పల్లీల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుతూ కూర్చున్నాం. చల్లదనం కొంచెం తగ్గాక మళ్ళీ వాసన చూశా. ఒక గ్లాసులో ధాన్యం వాసన తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో సన్నగా ఆపిల్ వాసన, వెనకాల తీపి మొక్కజొన్న. రుచిలోనూ అదే వరస: మొదట కొద్దిగా తీపి, మధ్యలో రొట్టె, చివర చప్పున ఆరిపోయే పొడిదనం. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) చేదు ఉందంటే ఉంది. ఇదే 50 అన్నా. వాడు డబ్బా చూపించాడు, అదే.

ఇందులో మాయేమీ లేదు. ఏల్ ఈస్ట్ లాగర్ ఈస్ట్ కంటే వెచ్చటి వేడిలో పులియబెడుతుంది, ఆ వేడికి పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు ఎక్కువ పుడతాయి. మరీ చల్లగా ఉంటే అవి ముక్కుకి అందవు. ఈ బీరును మంచు చలి మీద అమ్మడమే దానికి అన్యాయమని నా అభిప్రాయం.

అలాగని గొప్ప బీరు అనను. ఆల్కహాలు 5 శాతం, నోట్లో పల్చగా ఉంటుంది, క్రాఫ్ట్ ఏల్స్ అలవాటైన నాలుకకు నీళ్ళలా అనిపించొచ్చు. పల్లీల కారానికి మాత్రం బ్లూ కంటే ఇదే బాగా కలిసింది, ఆ కాస్త తీపి వల్ల. పూర్తిగా వెచ్చబడ్డాక మొక్కజొన్న తీపి ఒక్కటే మిగిలింది, ఆఖరి గుక్కలు సింకులో పోసేశా. డబ్బాలు నలపకుండా సంచిలో వేశాం, తిరిగిస్తే ఒక్కోదానికి 10 సెంట్లు వస్తాయి.