పది పవర్ ఆరు కాస్తా నూట ఆరైంది

మొన్న ఒక పేజీలోంచి 10⁶ కాపీ చేసి మెసేజ్‌లో పెడితే 106 అయి కూర్చుంది. తప్పు నాదే అనుకున్నా, తీరా చూస్తే ఆ 6 సప్ ట్యాగ్‌లో (వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో అంకెని చిన్నగా పైకి లేపి చూపే గుర్తు) ఉంది, ప్లెయిన్ టెక్స్ట్‌లోకి రాగానే ట్యాగ్ ఊడిపోయి అంకె కిందకి దిగిపోయింది. అలాగని స్పాన్ అనే మామూలు ట్యాగ్ పెట్టి, పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్‌తో పైకి లేపినా ఇదే గతి, పైగా ఆ సీఎస్ఎస్ ఉండే స్టైల్‌షీట్ లోడ్ కాకపోతే పేజీలోనే 106 కనిపిస్తది. సప్, సబ్ (ఇది కిందకి దించేది) అర్థం మారే చోటే వాడాలి, అందం కోసం కాదు అని హెచ్‌టీఎంఎల్ స్టాండర్డ్ కూడా అంటది. ² ³ లాంటివైతే నేను ట్యాగ్ అక్కర్లేకుండా అవే పైన కనిపించే యూనికోడ్ అక్షరాలే వాడేస్తా, కాపీ చేసినా చెక్కుచెదరవు. పెద్ద ఫార్ములాలకి మాత్రం మ్యాథ్‌ఎంఎల్లే, అంటే లెక్కలు రాయడానికున్న ట్యాగ్‌ల భాష. ఇక సప్ వల్ల లైన్ల మధ్య గ్యాప్ పెరిగే గోల ఉంది కదా, సీఎస్ఎస్‌లో ఆ సప్‌కి లైన్‌హైట్ (వరస ఎత్తు) సున్నా పెట్టేయండి, చాలు.